మోసుడు

"రోకలి జర గట్టిగ పట్టు పిల్లా. నీ వేళ్ళేమన్న వెండియా, అరగనీకి?" అన్నది కొమురవ్వ.

ఆ మాట ఆ ఇంట్ల కొత్తది కాదు. కోడలు తారాబాయి ఏ పనికి చెయ్యి పెట్టినా అత్త నోట్లకెల్లి అదే వస్తది. అంట్లు తోమితే వెండియా, బాయిల నీళ్ళు చేదితే వెండియా. ఇదివరకు తారాబాయి నవ్వి ఊకునేది. ఇప్పుడు నవ్వు వస్తలేదు. రోట్ల ఎండుమిరపకాయలు, కండ్లల్ల నీళ్ళు, రోకలి ఎత్తేసినప్పుడల్ల కుడిచేతి ఉంగరపు వేలు మొదట్ల నరం కలుక్కుమంటున్నది. ఆ ఒక్క వేలు లేపి దంచుదామని చూసింది. కొమురవ్వ చూడనే చూసింది. "అగో, మళ్ళ లేపింది! అన్నం తినేటప్పుడు లేవది గని ఆ వేలు!"

మెట్‌పల్లిల తాలూకా కచేరి ఎనుక సందుల వాళ్ళ పెంకుటిల్లు. నడింట్ల గోడకు ఆనిచ్చి పియానో ఉన్నది. నల్లగ, బరువుగ, ఇంట్ల సగం జాగ మింగి కూసున్నది. దాని మీద పాతచీర పరిచి కొమురవ్వ వానకాలమంత మిరపకాయలు ఆరబోస్తది, ఎండకాలం తొక్కు జాడీలు పెడ్తది. "సామాను పెట్టుకోను అక్కరకొస్తున్నది గని, లేకుంటే ఎన్నడో కట్టెల కింద కొట్టిచ్చేదాన్ని" అని వచ్చినోళ్ళకందరికి చెప్తది. వచ్చినోళ్ళు గూడ దాన్ని అదో తీరుగ చూస్తరు. సముద్రం దాటి ఒక్కతే పోయొచ్చిన ఆడిది ఇక్కడ మిరపకాయలు దంచుతున్నదంటే అక్కడ ఏమో అయ్యే ఉంటదని వాళ్ళ అనుమానం. ఆ "ఏమో" ఏందన్నది మాత్రం ఎవ్వలు నోరిప్పి చెప్పరు.

అక్కడ ఏమైందో చెప్త వినుండ్రి. తారాబాయి బెల్లంపల్లి బిడ్డ. తండ్రి ఇస్తారిది బొగ్గుబాయిల దిగేటోళ్ళకు దీపాలిచ్చే కొలువు. తల్లి మేనేజరు దొర బంగ్లల పనిచేసేది. తల్లి గచ్చు కడుగుతుంటే ఈ పిల్ల దొరసాని పియానో కింద కూసునేది. ఒకనాడు దొరసాని వాయించి అటు లేచిపోంగనే, ఈ పిల్ల ఇటు ఎక్కి అదే పాట వాయించింది. దొరసాని ఉరికొచ్చి ముందుగాల చెవి పట్టుకున్నది, తర్వాత చెయ్యి పట్టుకున్నది. ఆ చెయ్యి సికింద్రాబాదు దాక పోయింది. అక్కడికెల్లి స్కాలర్‌షిప్పు మీద వియన్నా పోయింది. చదువైనంక ప్రాగ్, బుడాపెస్టు, కొలంబో, సింగపూరు. హాలు నిండ తెల్లోళ్ళు, స్టేజి మీద ఒక్క చీరకట్టిన పిల్ల. వాయించుడు అయిపోంగనే అందరు లేచి నిలవడేది. ఇగో, ఇదీ అక్కడ అయింది. ఇంతకు మించి ఏం కాలే. దొర కొలువు ఇడిసి దేశం పోయేటప్పుడు దొరసాని తన పియానోను తారాబాయికే ఇచ్చిపోయింది.

పేపర్ల ఆమె ఫోటో చూసే రాయమల్లు పెండ్లి చేసుకున్నడు. తాలూకా కచేరిల పెద్ద గుమస్త, బి.ఏ. చదివినోడు, ఇంగ్లీషు దడదడ మాట్లాడుతడు. పెండ్లికి ముందు తారాబాయి ఒక్కటే మాట అడిగింది, ఏటికొకసారి కచేరీలకు పోతనని. "దానికేంది! నాదొక కచేరి, నీదొక కచేరి" అని నవ్విండు రాయమల్లు. ఆ నవ్వు చూసే ఒప్పుకున్నది. మొదటేడు లండను పోయొచ్చింది. అప్పుడు ఆమె ఫోటో అతని కచేరి గోడకెక్కింది. తర్వాత కొత్త తహశీల్దారు వచ్చి "ఓహో, పియానో తారాబాయి మొగడంటే మీరేనా?" అన్నడు. అన్ననాడే ఫోటో గోడ దిగింది. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టుకుంట, రాయమల్లు ఫోటోల వేలు పెట్టి అడిగిండు: "గీ కట్టె ఊపేటోడు నీ దిక్కే ఎందుకు చూస్తుండు?"

"ఆయన ఆర్కెస్ట్రా నడిపిచ్చేటాయన. నన్ను చూడకపోతే నేనొక తీరు, తతిమ్మోళ్ళొక తీరు వాయిస్తం."

"అంతమంది ఉంటే నిన్నే చూడాల్నా?"

నవ్వులకు అడుగుతుండనుకున్నది. నవ్వులకు కాదని పండుకునేటప్పుడు తెలిసింది, ఆ కట్టె ఊపేటోనికి పెండ్లయిందా అని మళ్ళ అడిగినప్పుడు.

ఇగ ఈ ఏటి సంగతి. బొంబాయిల దీనాబాయి అని ఒక పార్సీ ఆమె ఉంటది. దేశదేశాల కచేరీలు కుదిర్చేది ఆమెనే. దసరా ఎల్లంగనే వియన్నాల వాయించాలని కుదిర్చింది. తను చదువుకున్న ఊర్లె, చదువుకునే రోజులల్ల ఆఖరి వరసల నిలవడి విన్న పెద్ద హాలుల, మొదటిసారి. ఆ తర్వాత ప్రాగ్. ఆ మాట విన్ననాడు తారాబాయి బియ్యం ఏరుకుంట చాట అంచు మీదనే వేళ్ళు ఆడించుకున్నది. పగటిపూట అత్త పక్కింటికి పోంగనే పియానో మీది జాడీలు పక్కకు జరిపి, తలుపు దగ్గరేసి వాయించుకునేది. పోయినేటి వానలకు, వేళ్ళానిచ్చే మెట్లు కొన్ని ఉబ్బి ఇరికినయి. వాటి చప్పుడు మనసులనే అనుకోని వాయించేది.

బొంబాయికెల్లి ట్రంకాలు ఫోను వచ్చిందని పోస్టాఫీసు జవాను వస్తే రాయమల్లే పోయేటోడు. "నలుగురిల నిలవడి ఆడోళ్ళు మొత్తుకునుడేంది? నేను మాట్లాడొస్త" అనేటోడు. వానలు పడకముందు ఒకనాడట్లనే పోయొచ్చిండు. చెప్పులిడిసిండు, చెంబెడు నీళ్ళు తాగిండు, కండువతోటి మూతి తుడుసుకున్నడు. "తారా, పరేషాన్ కాకు. వియన్నా వాళ్ళు వద్దన్నరట. ఇంకో పిల్లెవ్వలో దొరికిందట. నీ వేళ్ళల్ల మునుపటి పస లేదని లండనుల అనుకున్నరట. నేను శానసేపు కొట్లాడిన. ఇనలే" అన్నడు.

ఎవ్వలన్న ఇంకేమన్న చెప్పి ఉంటే తారాబాయి అనుమానపడేదేమో. ఆ మాట మీద పడలే. ఎందుకంటే ఆ అనుమానం ఆమెకు ముందుగాల్నే ఉన్నది. కారం దంచినప్పుడల్ల, తడిబట్టలు పిండినప్పుడల్ల, వేలు నరం గుంజినప్పుడల్ల, చేతులు పోతున్నయా అని లోపల పిరికితనం మెసులుతనే ఉండె. లండనుల ఒక్క చోట వేలు జారింది నిజమే. అది ఎవ్వలు కనిపెట్టలేదనుకున్నది. కనిపెట్టిండ్రన్న మాట. అవ్వ గచ్చు కడిగిన చేతులే నాకొచ్చినయి, అవి ఎన్నొద్దులు ఆగుతయి అనుకున్నది. ఆనాటికెల్లి పియానో ముట్టుకోలే. మిరపకాయలు ఆమెనే తెచ్చి దాని మీద పరిచింది. అత్త అది చూసి, "ఇప్పుడు బుద్ధి తెలిసింది" అన్నది. తారాబాయి ఎవ్వలకు కనవడకుండ బాయికాడ కూసోని ఏడ్సింది. మొగనికి చెప్పుకుంటే, పాపం, నా కోసం కొట్లాడిండని అతన్నే ఓదార్చాల్సొచ్చింది.

కని తర్వాత తర్వాత ఏందో తేడా కొట్టవట్టింది. రాయమల్లు సాయంత్రాలు ఊకె జిలేబి తెస్తుండు. ఎన్నడు లేనిది బిందె చేతులకెల్లి గుంజుకుంటుండు, అది గూడ వాకిట్ల ఎవ్వలన్న ఉన్నప్పుడే. లోపలికి రాంగనే బిందె మళ్ళ ఆమె చేతులకే వస్తది. అంగట్ల కూరగాయలమ్మె ఆమె గోనె సంచి పరిచి "కూసో బిడ్డా, నిలవడకు" అన్నది. ఆడోళ్ళు మొఖం చూసి మాట్లాడుతలేరు, కడుపు దిక్కు చూసి మాట్లాడుతుండ్రు. కొంగు సరిగ్గ లేదా అని తారాబాయి ఎన్నోసార్లు సదురుకున్నది. నెలకొకసారి ఆమె మూలకు కూసుంటె రాయమల్లు మొఖం మాడిపోతున్నది. "మళ్ళనా?" అంటుండు. ఏదో నెత్తి మీదికొస్తున్నోని లెక్క ఉన్నది ఆ అడుగుడు. బొంబాయి ట్రంకాలు మళ్ళ రాలే. వియన్నా వాళ్ళు వద్దంటె వద్దనిరి, దీనాబాయి ఒక్కసారన్న నాతోటి మాట్లాడదా? ఇన్నేండ్ల సోపతి, "ఫికర్ చెయ్యకు" అని ఒక్కమాట అనదా? అడిగితే రాయమల్లు "లైను ఖరాబైంది" అంటడు. అదే లైనుల బియ్యం సేటు రోజు హైదరాబాదు మాట్లాడుతుండు గదా అంటె, "నా మీద అనుమానమా నీకు?" అని కంచం ముందటికెల్లి లేస్తడు. అన్నం ఇడిసిపెట్టి పోతడేమోనని ఆమెనే నోరు మూసుకున్నది.

దసరా ఇంక రాకముందే, కారం దంచిన దినమే ఆ ముడి ఊడింది.

దంచుడు అయిపోయి జల్లిస్తుంటే పక్కింటి భూమవ్వ వచ్చింది. వాకిట్ల కూసోని బీడీలు చుడ్తది, పనిమంతురాలు. ఆమె మొగడు అంతయ్య పోస్టాఫీసుల ట్రంకాళ్ళు కలిపే కొలువు చేస్తడు. చిన్న గిన్నెల చింతకాయ తొక్కు తెచ్చి తారాబాయి చేతుల పెట్టింది.

"తిను చెల్లే. నీ నోటికి పుల్లగ కావాల్నని తెస్తి. ఇంక ఎన్నొద్దులు దాస్తవు?"

"ఏం దాసిన అక్కా?"

"అగో, ఏమెరుగనట్టు! నీళ్ళోసుకున్నవంట గద!"

జల్లెడ పట్టుకున్న కొమురవ్వ చెయ్యి ఆగింది. "ఎవ్వలన్నరే?"

భూమవ్వకు నవ్వాగలే. "మీ కొడుకే గదా పెద్దవ్వా! పోస్టాఫీసుల ట్రంకాలుల మొత్తుకున్నడట, 'మై వైఫ్ ఈజ్ క్యారీయింగ్' అని. బొంబాయి లైను ఎట్లుంటదో ఎరుకనే గద, మొత్తుకోకుంటె ఇనరాదు. మా ఆయనకేమో క్యారీయింగ్ అంటె మోసుడు అని ఒక్కటే తెల్సు. 'గా సారు ఇంట్లనే బాయి ఉండె, ఆయన పెండ్లాం ఏం మోస్తున్నదో, బొంబాయి దాక చెప్పేటంత బరువేందో' అని ఇంటికొచ్చి ఒకటే ఫికరు. రేషన్ బియ్యం మోస్తున్నదేమో అని నేనంటి. ఆఖరికి దవాఖాన కాంపౌండరును అడిగితె, ఆయన పడిపడి నవ్వి చెప్పిండట, కడుపుతోటున్నదని అర్థమని."

"ఎప్పుడు అక్కా, ఎప్పుడన్నడట?" తారాబాయి తొక్కు గిన్నె కింద పెట్టింది.

"వానలకు ముందుగాల. ఏడాది దాక పియానో గియానో లేదు, డాక్టరు వద్దన్నడు అని గూడ అన్నడట. అవతల ఆడామె వియన్నా వియన్నా అని బతిలాడిందట పాపం. ఒక్కసారి తారాకియ్యి, తారాకియ్యి అన్నదట. పండుకున్నదని పెట్టేసిండట." చెప్పుకుంట చెప్పుకుంట భూమవ్వ ఇద్దరి మొఖాలు చూసింది. నవ్వు దానంతటదే ఆగింది. "ఏంది చెల్లే, నేనేమన్న అనరానిది అన్ననా?"

"మొన్ననే గదనే మూలకు కూసున్నది" అన్నది కొమురవ్వ, ఎవ్వలతోటి కాదు, జల్లెడతోటి.

భూమవ్వ పోయినంక తారాబాయి రోటికాడనే కూసున్నది. నిజం చెప్పాల్నంటె ముందుగాల కోపం రాలే. ముందుగాల వచ్చింది సంబురం. వాళ్ళు వద్దనలే. నా వేళ్ళను ఎవ్వలు ఏమనలే. కారం అంటిన రెండు చేతులు ముందటికి చాపి చూసుకున్నది, తప్పిపోయి దొరికిన బిడ్డల్ని చూసుకున్నట్టు. పస లేదన్నది లండను కాదు, నడింట్ల చెంబెడు నీళ్ళు తాగిన మనిషి. ఆ మాట నమ్మి ఇన్నొద్దులు నేను నా చేతుల్నే దొంగల్ని చూసినట్టు చూస్తిని గదా! అప్పుడొచ్చింది కోపం, కాళ్ళకెల్లి నెత్తి దాక. పాపం అంతయ్య మోసుడు అన్నడు. తప్పేం లేదు, మోస పక్కన ఒక్క సున్న పెడితె మోసం, అంతే.

పొద్దుగూకంగ రాయమల్లు జిలేబి పొట్లంతోటి వచ్చిండు. కాళ్ళకు నీళ్ళిచ్చుకుంట తారాబాయి అడిగింది: "క్యారీయింగ్ అంటె ఏంది?"

చెంబు అతని చేతులనే ఉన్నది. తల్లి దిక్కు చూసిండు. తల్లి ఇటు చూడలే.

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"ఎవ్వలు చెప్తె ఏంది, అర్థం అడుగుతున్న. బి.ఏ. చదివినవ్ గద."

"నీ మంచికే తారా" అన్నడు, అరుగు మీద కూసోని. గొంతు మెత్తగనే ఉన్నది. "పెండ్లయి ఇన్నేండ్లాయె. ఇయ్యాల కాకుంటె రేపన్న కడుపు నిలుస్తదనుకున్న. ఎట్లయినా అయ్యేదే గదా అని జర ముందుగాల చెప్పిన. అయితె అబద్ధం కాకపోవు."

"వేళ్ళల్ల పస లేదన్నదో? అది గూడ అయ్యేదేనా?"

రాయమల్లు చెంబు కింద పెట్టి తలకాయ లేపిండు. "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు ఊరంత తెలిసింది. మా కచేరిల గూడ మిఠాయి అడుగుతుండ్రు. ఇట్ల చేద్దాం. కడుపు పోయిందని చెప్దాం. మా అవ్వ ఈ మాట భూమవ్వ చెవులేస్తది, నువ్వు నాలుగొద్దులు మంచంల పండుకో. ఎవ్వల ఇజ్జత్ పోదు, అందరు నిమ్మలమైతరు."

"అంతే మల్ల" అన్నది కొమురవ్వ. ఎక్కిరిచ్చి అనలే, ఓదార్చి అనలే, ఉన్నమాట అన్నట్టు అన్నది. "ఆడిదాని కడుపు మీద ఏం చెప్పినా లోకం నమ్ముతది."

తారాబాయి ఆ మంచాన్ని చూసింది. తను దాని మీద పండుకునుడు, వాడకట్టు ఆడోళ్ళు వరసగ వచ్చి కూసునుడు, లేని పిల్ల కోసం తను కొంగు అడ్డం పెట్టుకునుడు, అంత కండ్ల ముందటికొచ్చింది. సముద్రాలు దాటి తిరిగిన పెయ్యిల కడుపు ఎట్ల నిలుస్తది అంటరు. ఆ పెట్టె ముందట కూసుంటె గర్భం వేడెక్కదా అంటరు. ఇంకో ఏడు దీనాబాయి పిలిస్తె, పోయినసారి ఏమైందో మతికి లేదా అంటడు ఈయన. పుట్టనే పుట్టని పిల్ల పానం నా పియానో మీద పెడ్తరు. పానమున్నన్నొద్దులు అది నన్ను వాయించనియ్యది. వియన్నా పోయిందా ఉన్నదా ఎరుక లేదు గని, ఈ ఒక్క మాటకు తలకాయ ఊపితె ఇగ జన్మల ఏ ఊరు ఉండది. ఆమె జిలేబి పొట్లం తీసి అత్త ముందట పెట్టి లోపలికి పోయింది. ఊకున్నదంటె ఒప్పుకున్నదనుకున్నడు రాయమల్లు. ఎప్పుడు అట్లనే అనుకునేటోడు.

తెల్లారి అన్నం వండి, నీళ్ళు చేది, ఇస్త్రీ చీర కట్టుకోని పోస్టాఫీసుకు పోయింది తారాబాయి. "బొంబాయి కలుపు అన్నా" అన్నది. అంతయ్య ఆమె మొఖం చూసి ఇయర్‌ఫోను చెవులకు పెట్టుకున్నడు. బియ్యం సేటు ఉన్నడు, కార్డులు కొనేటోళ్ళున్నరు, మూలకు కూసోని ముద్రలు కొట్టే జవాను ఉన్నడు. లైను దొరికేసరికి రాయమల్లు సైకిలేసుకోని రొప్పుకుంట వచ్చి కిటికీకాడ నిలవడ్డడు. ఎవ్వలు చెప్పిండ్రో ఏమో.

దీనాబాయితోటి తారాబాయి ఎప్పుడు ఇంగ్లీషుల్నే మాట్లాడేది. రాయమల్లు మాట్లాడింది గూడ ఇంగ్లీషుల్నే, మెట్‌పల్లిల ఎవ్వనికి తెలుస్తదిలే అని. ఆనాడు తారాబాయి ఇంగ్లీషు ముట్టలే. ఆంధ్రప్రదేశ్ అయి ఆరేండ్లయినా నిజాం కాలపు ఉర్దూ జబాన్ ఆ ఊరికి ఇంక నోట్లనే ఉన్నది. సేటుకు తెల్సు, జవానుకు తెల్సు, బయట బండితోలేటోనికి తెల్సు.

"దీనాబాయ్! మై తారా! మేరే పేట్ మే బచ్చా నహీ హై!"

"క్యా? సునాయీ నహీ దేతా!" అన్నది బొంబాయి. ఇనవడ్తలేదంటె ఇంకింత గట్టిగ మొత్తుకున్నది తారాబాయి. నా కడుపుల పిల్ల లేదు అన్న మాట పోస్టాఫీసు దాటి సడక్ మీదికి పోయింది. ముద్రలు కొట్టే చప్పుడు ఆగింది.

అవతల దీనాబాయికి ఇప్పుడు ఇనవడ్డది. "హాయ్ హాయ్ బేటీ, గిర్ గయా క్యా?"

పోయిందా అని అడుగుతున్నది. ఆ ప్రశ్న అంతయ్య ఇన్నడు. కిటికీకాడ రాయమల్లు ఇనకున్నా ఆమె మొఖం చూసి పోల్చుకున్నడు. రెండు చేతులు జోడించి తలకాయ ఊపుతుండు, అను, అను అని. ఒక్క "హా" అంటె చాలు. దీనాబాయి ఏడ్సి ఊకుంటది, సేటు అయ్యో అంటడు, మొగడు జన్మంత మంచిగ చూసుకుంటడేమో గూడ.

"గిరా నహీ!" అన్నది తారాబాయి. "థా హీ నహీ! మేరే మరద్ ఝూట్ బోలే!"

పోలే. అసలు లేకుండె. నా మొగడు అబద్ధం చెప్పిండు.

టైమైతున్నదని చెప్పవలసిన అంతయ్య చెప్పలే, గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు. అప్పుడు దీనాబాయి మాట్లాడింది. వియన్నా ఇంకొకరికి పోయింది, అది ఇగ రాదు. ప్రాగ్ వాళ్ళకు మాత్రం ఇంక ఎవ్వలను చెప్పలే, మనసొప్పలే. వస్తవా? నిజంగ పోయింది వియన్నా ఒక్కటే. తారాబాయి కండ్లు తుడుసుకోని, వస్తున్న అన్నది.

బయటికొస్తె జనం దారిచ్చిండ్రు. రాయమల్లు సైకిలు పట్టుకోని పక్కకొచ్చి, పండ్లు కొరుక్కుంట చిన్నగ అన్నడు: "నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్ గదనే! ఒక్క మాట, ఒక్కటంటె ఒక్కటి, నా కోసం మోస్తె నీ సొమ్మేం పోయేది?"

తారాబాయి నిలవడ్డది. చిన్నగ మాట్లాడాల్నన్నది ఆమెకు ఇగ మతిల లేదు.

"నీళ్ళు మోసిన. మీ అవ్వ మాటలు మోసిన. నీ ఇజ్జత్ ఇన్నేండ్లు మోసిన. లేని పిల్లను గూడ మొయ్యమంటివి. ఇగ మొయ్య."